ప్యాచ్ వేయలేని నెలల్లో ప్లాంటును కాపాడుకోవడం ఎలా

ఆఫీసు కంప్యూటర్లలో ఏదైనా లోపం బయటపడితే ఐటీ వాళ్లు రాత్రికి రాత్రి ప్యాచ్ (లోపాన్ని సరిచేసే సాఫ్ట్‌వేర్) వేసి, రీస్టార్ట్ చేసి, పొద్దున టీ తాగే లోపు ఆ సంగతే మరిచిపోతారు. ఎర్రగుంట్ల, తాడిపత్రి, కొలిమిగుండ్ల వైపు సిమెంట్ ప్లాంట్లలో కంట్రోల్ రూమ్‌కు వెళ్లి "ఇప్పుడే ఒకసారి పీఎల్‌సీ రీస్టార్ట్ చేద్దాం" అని చూడండి, షిఫ్ట్ ఇన్‌చార్జి మీ మొహం వైపు ఎట్లా చూస్తాడో. పీఎల్‌సీ అంటే మెషిన్లను నడిపే చిన్న పారిశ్రామిక కంప్యూటర్. కిల్న్ (తిరుగుతూ కాల్చే పెద్ద గొట్టపు కొలిమి) లోపల 1,450 డిగ్రీల దగ్గర క్లింకర్ (పొడి చేస్తే సిమెంట్ అయ్యే గుళికలు) తయారవుతుంటుంది. దాన్ని ఆపి చల్లారిస్తే లోపలి ఇటుకల లైనింగ్ దెబ్బతింటుంది. వేడి మీద ఉండగా తిరగడం ఆగిపోతే దాని ఉక్కు షెల్ వంగే ప్రమాదం ఉంది. అందుకే ఇక్కడ ప్యాచ్ అంటే తర్వాతి షట్‌డౌన్‌కే. అది వచ్చే నెలలో రావచ్చు, పది నెలలు పట్టవచ్చు.

లోపం ఉందని లోకానికంతా తెలిసిన రోజుకూ, మీరు దాన్ని సరిచేయగలిగిన రోజుకూ మధ్య ఈ నెలలు ఎట్లా నెట్టుకురావాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. సిమెంట్ ప్లాంట్లకే కాదు, అనంతపురంలో ఊళ్లకు నీళ్లు పంపే తాగునీటి పథకాలకు, లిఫ్ట్ ఇరిగేషన్ పంప్‌హౌస్‌లకు, గని-శకునాల లాంటి సోలార్ పార్కులకు, ఆదోని జిన్నింగ్ మిల్లులకు కూడా పనికొస్తుంది. ఎక్కడ పీఎల్‌సీ ఉంటే అక్కడ ఇదే కథ. ఇన్‌స్ట్రుమెంటేషన్, ఎలక్ట్రికల్ వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాశాను. ఐటీ వాళ్లు కూడా చదవొచ్చు, కాకపోతే ఒక పూట ప్యాకింగ్ ప్లాంట్ దుమ్ములో తిరిగొచ్చి చదివితే ఇంకా బాగా ఎక్కుతుంది.

1. ఏమేం ఉన్నాయో ముందు రాసుకోండి

"మా దగ్గర అంతా ఒకే కంపెనీ డీసీఎస్" అని ఎవరైనా అంటే నమ్మొద్దు. డీసీఎస్ అంటే ప్లాంటునంతా ఒకచోట నుంచి నడిపే కంట్రోల్ సిస్టమ్. కిల్న్‌కూ మిల్లులకూ అది నిజం కావచ్చు. కానీ కంప్రెసర్ వాడు తన పీఎల్‌సీ తనే పెట్టి పోయుంటాడు. ప్యాకర్‌కు ఇంకోటి, సరుకును తూచి పంపే వే ఫీడర్లకు వేరే కంట్రోలర్లు, గనిలో క్రషర్‌కు మరోటి, నీళ్ల పంపుల దగ్గర ఎవరూ గుర్తుపెట్టుకోని చిన్న పీఎల్‌సీ ఒకటి ఉంటాయి. ఈథర్‌నెట్ కార్డు ఉన్న మోటారు డ్రైవ్‌లు, నెట్‌వర్క్ స్విచ్‌లు, ఇంజినీరింగ్ సాఫ్ట్‌వేర్ ఉన్న ల్యాప్‌టాప్‌లు కూడా లెక్కలోకి వస్తాయి. నోట్‌బుక్ పట్టుకుని ప్యానెల్ ప్యానెల్‌కూ తిరగాల్సిందే, వేరే దారి లేదు.

దారి ఉందని కొందరు అంటారు, స్కానింగ్ సాఫ్ట్‌వేర్‌తో నెట్‌వర్క్‌లో ఉన్నవన్నీ ఒక్క దెబ్బకు కనుక్కోవచ్చని. నడుస్తున్న ప్లాంటులో ఆ పని చేయొద్దు. పాత పీఎల్‌సీలకు తాము ఊహించని ప్యాకెట్లు వస్తే కమ్యూనికేషన్ ఆగిపోవచ్చు, ఒక్కోసారి సీపీయూనే స్టాప్‌లోకి పోతుంది. దాడి చేసేవాడు చేయాల్సిన పని మనమే చేసినట్టవుతుంది.

రాసేటప్పుడు మోడల్ నంబర్ మొత్తం రాయండి. "సీమెన్స్ 315" అని రాసి వదిలేస్తే ఆ కాగితం ఎందుకూ కొరగాదు. 6ఈఎస్7 315-2ఏహెచ్14 అనే సీపీయూకు ఈథర్‌నెట్ పోర్టే ఉండదు. 6ఈఎస్7 315-2ఈహెచ్14కు ఉంటుంది. ఒక్క అక్షరం తేడా. నెట్‌వర్క్ మీదుగా వచ్చే లోపం మొదటిదాన్ని నేరుగా తాకలేదు, రెండోదాన్ని తాకుతుంది. మొదటిదాని పక్కన ఈథర్‌నెట్ కోసం సీపీ 343 కార్డు ఏమైనా బిగించారేమో కూడా చూడండి, ఉంటే లెక్క మళ్లీ మారుతుంది. ఇక ఫర్మ్‌వేర్ (సీపీయూ లోపలే ఉండే సాఫ్ట్‌వేర్) వెర్షన్. సీపీయూ మీద రాసుండేది తయారైన నాటి వెర్షన్. తర్వాత ఎవరైనా మార్చారో లేదో ఇంజినీరింగ్ సాఫ్ట్‌వేర్‌తో ఆన్‌లైన్ వెళ్తేనే తెలుస్తుంది.

ప్రతి వరుస చివర ఒక గడి ఉంచుకుని, "ఇది ఆగితే ఏం ఆగుతుంది?" అన్నదానికి జవాబు రాయండి. తర్వాత నిర్ణయాలన్నీ ఆ గడి చూసే తీసుకుంటారు. ఈ జాబితాను, ప్యానెల్ ఫొటోలను మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. మోడల్ నంబరూ, ఐపీ అడ్రసూ, స్టిక్కర్ మీద రాసిన పాస్‌వర్డూ ఒకే ఫొటోలో దొరికితే అవతలివాడికి సగం పని అయిపోయినట్టే.

2. బ్యాకప్

పీఎల్‌సీ ప్రోగ్రామ్, హెచ్‌ఎంఐ (ఆపరేటర్ చూసే స్క్రీన్) ప్రాజెక్టు, డ్రైవ్ పారామీటర్లు, స్విచ్ సెట్టింగులు, స్కాడా (ప్లాంటును పీసీలో చూపించి నడిపే సాఫ్ట్‌వేర్) సర్వర్ ఇమేజ్ అన్నీ తీసి రెండు కాపీలు చేయండి. ఒకటి నెట్‌వర్క్‌కు తగలని హార్డ్ డిస్క్‌లో వేసి బీరువాలో పెట్టి తాళం వేయండి. తీసిన ప్రోగ్రామ్, ప్రస్తుతం నడుస్తున్న ప్రోగ్రామ్ ఒకటేనా అని కంపేర్ చేసి చూడండి. రెండేళ్ల కిందట ఎవరో రాత్రి షిఫ్ట్‌లో మార్చిన ఇంటర్‌లాక్ (ప్రమాదం రాకుండా మెషిన్‌ను ఆపే షరతు) పాత కాపీలో ఉండదు. స్పేర్ సీపీయూ ఉంటే దానిలోకి ఒకసారి ఎక్కించి చూడండి. అలా ఎక్కించి చూడని బ్యాకప్ మీద భరోసా పెట్టుకోకండి.

చాలాచోట్ల ప్రోగ్రామ్ అసలు కాపీ, దాని పాస్‌వర్డ్ ప్యానెల్ కట్టిన సిస్టమ్ ఇంటిగ్రేటర్ దగ్గరే ఉండిపోతాయి. ఫైనల్ బిల్లు ఇచ్చాక అడిగితే ఆయన ఫోన్ ఎత్తడు. పర్చేజ్ ఆర్డర్‌లోనే ఒక లైన్ రాయించండి: కామెంట్లతో సహా సోర్స్, పాస్‌వర్డులు ఇచ్చాకే చివరి పేమెంట్.

2019 మార్చిలో నార్వే అల్యూమినియం కంపెనీ నోర్స్క్ హైడ్రో మీద రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) పడింది. కొన్ని ప్లాంట్లను చేత్తో నడుపుకున్నారు. డబ్బు కట్టకుండా బ్యాకప్‌ల నుంచే సిస్టమ్‌లను తిరిగి లేపుకున్నారు. బ్యాకప్ ఖర్చు ఎందుకని మేనేజ్‌మెంట్ అడిగితే ఈ ఒక్క కేసు చెప్పండి చాలు.

3. హెచ్చరిక వస్తే దాన్ని చదవడం

మన దేశంలో సెర్ట్-ఇన్, అమెరికాలో సీసా (సీఐఎస్ఏ) అనే ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థలు ఇలాంటి లోపాల మీద హెచ్చరికలు ఇస్తుంటాయి. సీమెన్స్, ష్నైడర్ లాంటి కంపెనీలు ప్రతి నెలా రెండో మంగళవారం తమవి విడుదల చేస్తాయి. నెలకోసారి, ఆ మంగళవారం మర్నాడు, ఒక గంట దీనికి కేటాయించి మీ జాబితాతో సరిపోల్చుకోండి. ఒకే మనిషికి ఆ బాధ్యత ఇవ్వండి. "అందరూ చూడాలి" అన్న పని ఎవరూ చూడరు.

హెచ్చరికలో పెద్ద అక్షరాలతో ఒక స్కోరు ఉంటుంది, పదికి ఇంత అని. 9.8 చూసి టెన్షన్ పడక్కర్లేదు, 6.5 చూసి నిమ్మళంగా కూర్చోవడమూ తప్పే. ఆ స్కోరు వేసినవాళ్లు మీ ప్లాంటును చూడలేదు. ఏ నెట్‌వర్క్‌కూ తగలని కంప్రెసర్ పీఎల్‌సీలో 9.8 ఉన్నా షట్‌డౌన్ దాకా ఆగొచ్చు. బయటి ప్రపంచానికి ముఖం పెట్టి ఉన్న వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా లాగిన్ అయినవాళ్లకే తెరుచుకునే రహస్య దారి) రౌటర్‌లో 6.5 వచ్చిందంటే దాని సంగతి ఈ వారమే చూడాలి. రౌటర్ కోసం కిల్న్ ఆపనక్కర్లేదు కదా, దానికి ప్యాచ్ వేయకపోవడానికి సాకు ఏమీ లేదు.

స్కోరు పక్కన పెట్టి, లోపం నెట్‌వర్క్ మీదుగా పనిచేస్తుందా, దాన్ని వాడుకోవాలంటే లాగిన్ కావాలా అన్నవి చూడండి. తర్వాత మిటిగేషన్ (ప్యాచ్ వేసేదాకా తీసుకోవాల్సిన జాగ్రత్తలు) అనే భాగానికి వెళ్లండి. అందరూ దాటేసి పోయేది అదే, మనకు కావలసింది కూడా అదే. 2021లో రాక్‌వెల్ కంపెనీ లాజిక్స్ కంట్రోలర్లలో ఒక రహస్య కీ బయటపడే లోపం కనపడితే పదికి పది స్కోరు ఇచ్చారు. కంపెనీ చెప్పిన జాగ్రత్తల్లో ఒకటి ఏమిటో తెలుసా? కంట్రోలర్ ముందున్న తాళంచెవిని రన్‌లోకి, అంటే ప్రోగ్రామ్ మార్చనివ్వని స్థానంలోకి, తిప్పి ఉంచమని. పైసా ఖర్చు లేదు, షట్‌డౌన్ అక్కర్లేదు.

4. దారులు మూయండి

అసలు పని ఇక్కడుంది. లోపం పీఎల్‌సీలో అట్లనే ఉంటుంది, దాని దాకా వచ్చే దారి లేకుండా చేస్తాం. షట్‌డౌన్ దాకా మన చేతిలో ఉన్నది ఇదే.

మొదట సిమ్ రౌటర్లు. ఊరికి దూరంగా ఉన్న పంప్‌హౌస్‌ను ఫోన్‌లో చూసుకోవడానికి ఎవరో ఒక 4జీ రౌటర్ పెట్టి, పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి లోపలి మెషిన్‌కు నేరుగా దారి) ఇచ్చి, పీఎల్‌సీనో హెచ్‌ఎంఐనో నేరుగా ఇంటర్నెట్‌కు చూపిస్తారు. ఫోన్‌లో పంపు కనపడుతుంది, అందరికీ సంతోషం. అదే అడ్రసు ప్రపంచంలో ఎవరికైనా కనపడుతుందన్న ఆలోచన రాదు. చాలా పీఎల్‌సీలు మాట్లాడుకునే భాష మోడ్‌బస్ 1979 నాటిది. అందులో పాస్‌వర్డ్ అనే మాటే లేదు, 502 పోర్టుకు చేరుకోగలిగిన ఎవరు చెప్పినా వింటుంది. 2023 నవంబరులో అమెరికాలోని అలిక్విపా అనే ఊరి నీటి సంస్థలో, ప్రెజర్ పెంచే స్టేషన్‌లో ఉన్న యూనిట్రానిక్స్ పీఎల్‌సీలోకి బయటివాళ్లు చొరబడ్డారు. ఆ కంపెనీ పీఎల్‌సీలకు ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ 1111. ఇంటర్నెట్‌కు తెరిచిపెట్టి, ఆ పాస్‌వర్డ్ కూడా మార్చకుండా వదిలేసినవాటినే వెతికి పట్టుకున్నారు. నీళ్లు ఆగలేదు, చేత్తో నడుపుకున్నారు. కానీ మన పంప్‌హౌస్‌లలో పాస్‌వర్డులు ఎలా ఉన్నాయో మీకే తెలుసు.

ఇంటికెళ్లాక మొబైల్ డేటాతో ఆ రౌటర్ ఐపీ అడ్రసు కొట్టి చూడండి. పేజీ తెరుచుకుంటే మర్నాడే పోర్ట్ ఫార్వర్డింగ్ తీసేయండి. ఫోన్‌లో పంపు చూడాల్సిందే అంటే వీపీఎన్ పెట్టండి, లేదా టెలికాం కంపెనీని అడిగి బయటి ఇంటర్నెట్‌కు కనపడని ప్రైవేట్ ఏపీఎన్ సిమ్ తీసుకోండి. సోలార్ ఇన్వర్టర్ల డేటా లాగర్లకూ ఇదే మాట.

రెండోది వెండర్లు దూరం నుంచి లోపలికి వచ్చే రిమోట్ దారి. "సార్, ఎనీడెస్క్ అట్లనే ఆన్‌లో పెట్టండి, మళ్లీ మళ్లీ మిమ్మల్ని డిస్టర్బ్ చేయకుండా నేనే చూసుకుంటా" అంటాడు సర్వీస్ ఇంజినీర్. ఎనీడెస్క్ అంటే మన పీసీని దూరం నుంచి నడిపే సాఫ్ట్‌వేర్. మనకూ హాయే అనిపిస్తుంది. అతని ల్యాప్‌టాప్‌లోకి ఎవడైనా దూరితే మన ప్లాంట్‌లోకి దూరినట్టే. దీనికి నేను చూసినవాటిలో బాగా పనిచేసే పద్ధతి ఏమిటంటే, రిమోట్ రౌటర్ కరెంటు సప్లైకి ఒక స్విచ్ పెట్టి, ఆ స్విచ్ కంట్రోల్ రూమ్‌లో ఉంచడం. పని ఉన్నప్పుడు ఫోన్ చేస్తారు, రిజిస్టర్‌లో పేరు, టైము రాసి ఆన్ చేస్తారు, పనయ్యాక ఆఫ్ చేస్తారు. ఆఫ్ చేసిన రౌటర్‌ను హ్యాక్ చేసే మొనగాడు ఇంకా పుట్టలేదు. దీనికి తోడు లాగిన్‌కు ఓటీపీ లాంటి రెండో గడియ తప్పనిసరి. 2021 మేలో అమెరికాలో కలోనియల్ అనే ఇంధన పైప్‌లైన్ కంపెనీ మీద జరిగిన దాడికి మొదలు, ఆ రెండో గడియ లేని ఒక పాత వీపీఎన్ అకౌంట్. మానేసిపోయిన వాళ్ల అకౌంట్లు మీ దగ్గర ఎన్ని బతికున్నాయో లెక్క చూడండి.

ఆఫీసుకూ ప్లాంటుకూ మధ్య ఉన్న లింకు మూడోది. ప్రొడక్షన్ రిపోర్టు కోసం రెండు నెట్‌వర్క్ కార్డులున్న పీసీ ఒకటి పెట్టి, ఒక కేబుల్ అటు, ఒకటి ఇటు గుచ్చుతారు. ఆఫీసులో ఎవరో తప్పుడు మెయిల్ తెరిస్తే ఆ పీసీ మీదుగా వైరస్ నేరుగా స్కాడా దాకా వస్తుంది. ఆ పీసీ తీసేసి ఫైర్‌వాల్ పెట్టించండి. మామూలుగా అన్నీ మూసి ఉండాలి, రిపోర్టుకు కావలసిన ఒక్క దారే తెరిచి ఉండాలి. తాత్కాలికంగా అని తెరిచినవి ఆరు నెలలకోసారి చూసి మూసేయాలి.

ఇక పెన్‌డ్రైవ్. "మాది ఇంటర్నెట్‌కే లేదు, మాకేం కాదులేన్నా" అనేవాళ్లకు స్టక్స్‌నెట్ సంగతి చెప్పాలి. 2010లో బయటపడిన ఆ వైరస్ ఇరాన్‌లోని నతాంజ్ యురేనియం ప్లాంటులో సీమెన్స్ పీఎల్‌సీలను గురిపెట్టింది. ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచిన చోటికి చేరడానికి అది ఎక్కిన బండి పెన్‌డ్రైవ్. విండోస్ షార్ట్‌కట్లలో ఉన్న లోపం వల్ల, ఫోల్డర్ తెరిచి ఐకాన్ కనపడితే చాలు, ఏ ఫైలూ నొక్కకుండానే అంటుకునేది. ఆపరేటర్ పీసీల యూఎస్‌బీ పోర్టులు మూసేయండి. తప్పనిసరి అయితే గేటు దగ్గర ఒక విడి పీసీలో స్కాన్ చేసి, ప్లాంటుదే ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని లోపలికి తేవాలి.

యూఎస్‌బీ గురించి మాట్లాడేటప్పుడు చాలామంది మరిచిపోయేది ఫోన్. నైట్ షిఫ్ట్‌లో చార్జింగ్ కోసం ఆపరేటర్ తన ఫోన్‌ను స్కాడా పీసీకే గుచ్చుతాడు. టెథరింగ్ ఆన్‌లో ఉంటే ఆ పీసీకి అప్పటికప్పుడు ఇంటర్నెట్ వచ్చేస్తుంది, మీ ఫైర్‌వాల్ అంతా పక్కకు పోతుంది. మెమోలు ఇచ్చి ఆపలేరు. కంట్రోల్ రూమ్‌లో టేబుల్ పక్కన నాలుగు చార్జింగ్ పాయింట్లు పెట్టించండి, ఆ అలవాటు దానంతటదే పోతుంది.

మన ఎండల వల్ల వచ్చే తలనొప్పి ఇంకోటి ఉంది. మే నెలలో ప్యానెల్ ఏసీ మొరాయిస్తే తలుపు బార్లా తెరిచి పెడెస్టల్ ఫ్యాన్ పెడతారు. లోపల స్విచ్‌లో ఖాళీ పోర్టులు ఊరికే కనపడుతుంటాయి, ఎవరు కేబుల్ గుచ్చినా అడిగేవాళ్లుండరు. ఖాళీ పోర్టులను సెట్టింగుల్లోనే డిజేబుల్ చేయండి. ప్యానెల్ ఏసీ రిపేరును ఏప్రిల్‌లోపే పూర్తి చేయించడం కూడా సైబర్ సెక్యూరిటీ పనే అని బడ్జెట్ మీటింగులో వాదించండి.

చివరగా తాళంచెవి. 2017లో సౌదీ అరేబియాలోని ఒక పెట్రోకెమికల్ ప్లాంటులో ట్రైకోనెక్స్ సేఫ్టీ కంట్రోలర్ల మీద ట్రైటన్ అనే మాల్‌వేర్ దాడి జరిగింది. ఆ కంట్రోలర్ల కీ ప్రోగ్రామ్ మోడ్‌లోనే వదిలేసి ఉండటం దాడికి కలిసొచ్చింది. మీ ప్లాంటులో తాళంచెవి ఉన్న సీపీయూలన్నింటినీ రన్‌లో పెట్టి, తాళంచెవులు తీసి షిఫ్ట్ ఇన్‌చార్జికి అప్పజెప్పండి. ఈ పని ఈరోజే అయిపోతుంది.

5. పాత విండోస్ పీసీలు

ఎక్స్‌పీకి సపోర్టు 2014 ఏప్రిల్‌లో, విండోస్ 7కు 2020 జనవరిలో, విండోస్ 10కు 2025 అక్టోబరులో ముగిసింది. అయినా అవి కంట్రోల్ రూమ్‌లలో ఉంటాయి, ఎందుకంటే స్కాడా సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ కొత్త విండోస్ మీద నడవదు. మార్చలేకపోతే వాటిని ఒక మూలకు కట్టేయండి. పీఎల్‌సీతో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడకుండా ఫైర్‌వాల్ రూల్ రాయండి. ఆమోదించిన ప్రోగ్రాములు తప్ప వేరేవి నడవకుండా వైట్‌లిస్టింగ్ పెట్టండి. విండోస్ ప్యాచ్‌లు స్కాడా కంపెనీ పరీక్షించి సరేనన్నవే వేయండి, కానీ సరేనన్నాక ఆలస్యం చేయకండి. 2017 మేలో ప్రపంచాన్ని వణికించిన వన్నాక్రై రాన్సమ్‌వేర్‌కు ప్యాచ్ ఆ మార్చిలోనే వచ్చేసింది.

ఐటీ వాళ్లతో ఒక్క విషయంలో గట్టిగా నిలబడండి. పది నిమిషాలకు స్క్రీన్ లాక్, మూడు తప్పులకు అకౌంట్ బ్లాక్ అనే ఆఫీసు రూల్స్ ఆపరేటర్ స్టేషన్‌కు వద్దు. ప్రెజర్ పెరిగిపోతున్నప్పుడు ఆపరేటర్ పాస్‌వర్డ్ గుర్తుతెచ్చుకుంటూ కూర్చోకూడదు. కంట్రోల్ రూమ్ తలుపుకు తాళం పెట్టండి, ఇంజినీరింగ్ లాగిన్‌కు గట్టి పాస్‌వర్డ్ పెట్టండి, ఆపరేటర్ స్క్రీన్ మాత్రం ఎప్పుడూ తెరిచే ఉండాలి.

6. షట్‌డౌన్ వచ్చాక

షట్‌డౌన్ ప్లాన్ మీటింగులో మెకానికల్ వాళ్లు రోజులన్నీ పంచేసుకుంటారు, మనకు చివర్లో లైటప్‌కు (కిల్న్ మళ్లీ వెలిగించడానికి) ముందు ఒక రాత్రి మిగులుతుంది. ఫర్మ్‌వేర్ పనికి పగలు ఎన్ని గంటలు కావాలో, ఏ ప్యానెళ్లకు సప్లై ఉండాలో ముందే రాసి బార్‌చార్టులో ఎక్కించండి.

ఫర్మ్‌వేర్ ఫైలు కంపెనీ సైటు నుంచే దించి చెక్‌సమ్ (ఫైలు మారలేదని చూపే కోడ్) సరిచూడండి. స్పేర్ సీపీయూలో మొదట వేసి, హెచ్‌ఎంఐతోనూ డ్రైవ్‌లతోనూ మాట్లాడుతుందో లేదో చూడండి. వేసేటప్పుడు ప్యానెల్ యూపీఎస్ మీద ఉండాలి, సగంలో కరెంటు పోతే సీపీయూ మళ్లీ లేవకపోవచ్చు. ఇంత టైముకల్లా పని కాకపోతే పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లిపోతామని గడువు ముందే పెట్టుకోండి. అన్నీ అయ్యాక ఇంటర్‌లాకులు ఒక్కొక్కటి సిమ్యులేట్ చేసి, ట్రిప్ కావాల్సింది (తనంతట ఆగిపోవాల్సింది) ట్రిప్ అవుతుందో లేదో ప్రొడక్షన్ వాళ్ల ఎదురుగా చూసి సంతకాలు తీసుకోండి. "నిన్నటిదాకా పనిచేసిందే కదా" అన్న మాట ఇక్కడ చెల్లదు.

7. అనుమానం వస్తే

మౌస్ తనంతట తానే కదలడం, స్క్రీన్ మీద ఒక రీడింగు ఉంటే ఫీల్డ్ గేజ్ ఇంకోటి చూపించడం, ఎవరూ మార్చని సెట్‌పాయింట్ మారిపోవడం. వీటిలో ఏది కనపడినా ముందు ప్రాసెస్‌ను భద్రమైన స్థితికి తెచ్చి లోకల్‌లోకి, అంటే మెషిన్ దగ్గరే చేత్తో నడిపే పద్ధతికి, మార్చండి. తర్వాత బయటికి వెళ్లే కేబుల్ పీకండి, అంటే ఫైర్‌వాల్ లేదా రౌటర్ వైపుది. కంగారులో పీఎల్‌సీకీ ఐఓ (సెన్సర్లు, మోటార్ల సిగ్నళ్లు కలిసే) ప్యానెళ్లకూ మధ్య ఉన్నది పీకితే ప్లాంటే ట్రిప్పవుతుంది, అందుకే ఏ కేబుల్ పీకాలో ముందే ఎర్ర టేపు చుట్టి పెట్టండి. పీసీలు ఫార్మాట్ చేయొద్దు, ఆధారాలన్నీ అందులోనే ఉంటాయి. గమనించిన టైము రాసుకోండి. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటనను గమనించిన 6 గంటల్లోపు వాళ్లకు తెలపాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. టోల్‌ఫ్రీ నంబరు 1800-11-4949, కంట్రోల్ రూమ్ గోడకు అంటించండి. కరెంటు ఉత్పత్తి, సరఫరా సంస్థలకు దీనికి అదనంగా సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఉన్నాయి.

2015 డిసెంబరు 23న ఉక్రెయిన్‌లో మూడు కరెంటు పంపిణీ సంస్థల మీద దాడి జరిగి, సుమారు 2.25 లక్షల కనెక్షన్లకు కరెంటు పోయింది. ఆపరేటర్లు చూస్తుండగానే కర్సర్ తనంతట తాను కదిలి బ్రేకర్లు తెరిచింది. కొన్ని గంటల్లోనే కరెంటు తిరిగి రావడానికి కారణం, సిబ్బంది సబ్‌స్టేషన్లకు వెళ్లి చేత్తో బ్రేకర్లు వేయగలగడం. మీ ప్లాంటులో ముఖ్యమైన ఒక్కో మోటారును ఆరు నెలలకోసారి లోకల్ ప్యానెల్ నుంచి స్టార్ట్ చేసి చూడండి. పుష్ బటన్లలో సిమెంట్ పేరుకుపోయి ఉంటుంది, ఇండికేషన్ బల్బులు మాడిపోయి ఉంటాయి, లోకల్-రిమోట్ సెలెక్టర్ వైరు ఎప్పుడో ఎవరో పీకేసి ఉంటారు. రిటైర్మెంటుకు దగ్గరపడిన పాత ఆపరేటర్ ఎవరైనా ఉంటే ఆయన్ను నిలబెట్టి కొత్త కుర్రాళ్లకు నేర్పించండి. స్క్రీన్ లేని రోజుల్లో కిల్న్ నడిపిన మనుషులు ఇంకా కొందరే మిగిలారు.